దివి కొసన రెక్కల లెక్క

*కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట కొండ లేదు, బండ లేదు. ఉన్నదల్లా ఇసుక కొస, బురద మేట, మడ అడవి. లద్దాఖ్ సరస్సుల నుంచీ ఆర్కిటిక్ తీరాల నుంచీ దిగివచ్చే పక్షులకు చలికాలమంతా అదే ఆసరా. ఆ కొస తరిగిపోతోంది. దాని మీద నిలబడి చూసేవాళ్లు, చూసింది రాసిపెట్టేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.*

హంసలదీవికి దగ్గర్లో, పాలకాయతిప్ప ఒడ్డున అలివి వల లాగుతున్నారు. రెండు తాళ్ల దగ్గరా చెరో జట్టు. నడుం వెనక్కి వంచి, మడమలు ఇసుకలోకి దించి, ఒకే ఊపున అడుగు వెనక అడుగు వేస్తున్నారు. వల పొట్ట ఇంకా నీళ్లలోనే ఉంది. అందులో ఏం పడిందో ఒడ్డునున్నవాళ్లకు తెలియదు కానీ, పైనున్నవాటికి తెలిసిపోయింది. ఇందాక నాలుగైదే ఉన్న తెల్లపక్షులు చూస్తుండగానే వంద దాటాయి. కొన్ని అరుస్తూ వల చుట్టూ తిరుగుతున్నాయి. సన్నరెక్కలవి ఇంకొన్ని గాల్లో ఒక్క క్షణం ఆగి, ముక్కు కిందికి దించి, నిట్టనిలువునా నీళ్లలో పడి లేస్తున్నాయి. లేచినప్పుడు నోట్లో వెండిరంగు చేప.

ఉయ్యూరు వైపు నుంచి కారులో వచ్చిన ఓ కుటుంబం తడి ఇసుకలో నిలబడి చూస్తోంది. "నాన్నా, ఇవి కొంగలేనా?" అని పాప అడిగింది. "కొంగలు కాదమ్మా, ఏవో సముద్రపు పిట్టలు" అని తండ్రి ఫోను పైకెత్తాడు.

కృష్ణా జిల్లాలో పుట్టి పెరిగిన మనలో చాలామందికి ఆ పక్షులతో ఉన్న పరిచయం ఆ రెండు మాటల దగ్గరే ఆగిపోతుంది.

దివిసీమ పేరు ఈమధ్య మళ్లీ అందరి నోళ్లలో నానుతోంది. 2025 మే 2న అమరావతిలో ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేసిన పనుల్లో నాగాయలంక మండలం గుల్లలమోద దగ్గర వచ్చే క్షిపణి పరీక్షా కేంద్రం ఒకటి. సుమారు 1,460 కోట్ల రూపాయల పని. ఇటు బందరులో ఓడరేవు పనులు నడుస్తున్నాయి. ఉయ్యూరు సెంటర్లో టీ కొట్ల దగ్గర ఉద్యోగాల గురించి, రోడ్ల గురించి, ఎకరం ధర గురించి మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుకోవాల్సిందే. ఏళ్లుగా తుపాన్లు తప్ప మరేదీ తొంగిచూడని సీమకు పని వస్తుందంటే ఎవరికి ఆశ ఉండదు? ఆ కొసన మనకంటే ముందునుంచీ ఉంటున్నవాటి సంగతి కూడా ఆ మాటల్లోకి రావాలి. వాటి గురించి మనకు తెలిసింది ఎంత, తెలుసుకునే ఏర్పాటు ఎంత అన్నదే ఈ వారం కథనం.

రాయి లేని కొస

సముద్రపు పక్షుల్ని చూడాలంటే భూమి నీళ్లలోకి పొడుచుకొచ్చిన చోటు వెతుక్కుంటారు. ఐర్లండ్ దక్షిణాన కేప్ క్లియర్ దీవిలో 1959 నుంచీ పక్షుల పరిశీలన కేంద్రం నడుస్తోంది. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ కొసల మీద ఈదురుగాలి వీచే రోజున జనం టెలిస్కోపులు పట్టుకుని గంటల తరబడి కూర్చుంటారు. గాలి తోసుకొచ్చే పక్షులు ఆ కొసను రాసుకుంటూ పోతాయి కనుక అక్కడ కూర్చున్నవాడికి కనిపిస్తాయి. మన రాష్ట్రంలో అలాంటి చోటంటే విశాఖలో యారాడ కొండ, దాని డాల్ఫిన్స్ నోస్. ఇంకా పైకెళ్తే భీమిలి పావురాళ్లకొండ.

కృష్ణా డెల్టాలో ఆ వీలు లేదు. విజయవాడ వదిలి కిందికి దిగాక సముద్రం దాకా నేలంతా చదును. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు. చెరకు, వరి, అరటి, పసుపు దాటుకుంటూ సుమారు రెండు గంటల దారి. అవనిగడ్డకు ఆనుకుని పులిగడ్డ దగ్గర నది రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయల నడుమ ఉన్నదే దివి. కిందికి వెళ్లాక నది మళ్లీ చీలి, నడిమేరు, గొల్లమట్ట పాయ అనే పేర్లతో వేర్వేరు మొగల్లో సముద్రంలో పడుతుంది. వేల ఏళ్లుగా పడమటి కనుమల నుంచి, దక్కను నల్లరేగడి నుంచి నది మోసుకొచ్చిన ఒండ్రు ఇక్కడ మేటవేసి, బంగాళాఖాతంలోకి పొడుచుకెళ్లింది. బండరాయితో కాక ఒండ్రుతో కట్టిన కొస ఇది. ఏ తుపానుకు ఎక్కడ తెగుతుందో, ఏ వరదకు ఎక్కడ మేటవేస్తుందో చెప్పలేం.

తూర్పు పాయ కలిసేచోటు హంసలదీవి. పాపాలు మోసి నల్లబడిన కాకి ఈ సంగమంలో మునిగి తెల్లటి హంసగా లేచిందని స్థలపురాణం. మాఘ పౌర్ణమికి ఇక్కడ సముద్రస్నానాలకు జనం పోటెత్తుతారు. వేణుగోపాలస్వామి దర్శనానికి వచ్చేవాళ్లలో ఎందరు మొగ దాకా నడిచి, ఇప్పటికీ అక్కడ నీళ్లలో మునిగి లేస్తున్న తెల్లరెక్కల్ని చూస్తారో!

మొగకు అటూ ఇటూ ఉన్న మడ అడవులు, బురద మేటలు, ఇసుక దిబ్బలు కలిపి 194.81 చదరపు కిలోమీటర్ల కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. సొర్లగొంది, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ పేర్లు వినే ఉంటారు. దేశంలో అరుదైపోయిన బావురుపిల్లి ఈ మడచెట్ల వేళ్ల మధ్య చేపలు పట్టుకుని బతుకుతోంది. ఆ పిల్లికి ఇప్పుడు కొంచెం పేరొచ్చింది. పక్షులకు ఇంకా రాలేదు.

ఎక్కడివాళ్లు ఎక్కడికొచ్చారు

అక్టోబరు దాటి, తొలి చలిగాలి తగిలే రోజుల్లో మొగ దగ్గర సందడి మొదలవుతుంది. అన్నిటికంటే గుంపుగా కనిపించేది గోధుమతల గల్. ఇంగ్లిషులో బ్రౌన్-హెడెడ్ గల్. పేరు విని గోధుమరంగు తల కోసం వెతికితే దొరకదు. చలికాలంలో ఆ రంగు రాలిపోయి తల తెల్లబడుతుంది, కంటి వెనక నల్లటి మచ్చ ఒకటి మిగులుతుంది. మార్చి వచ్చేసరికి తలకు మళ్లీ ముదురు రంగు ఎక్కుతుంది. అలా ఎక్కిందంటే ప్రయాణం దగ్గరపడిందన్నమాట. అవి వెళ్లేది లద్దాఖ్‌కు, టిబెట్‌కు. సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్ల పైన, ఎండాకాలంలోనూ చలి వదలని సరస్సుల్లో గూడు కట్టి పిల్లల్ని పెంచుతాయి. సముద్రపు పిట్ట అని మనం వేలు చూపించే పక్షి కళ్లు తెరిచింది హిమాలయాల అవతల, సముద్రం వాసన కూడా తగలని చోట. పుట్టిన కొద్ది నెలలకే, ఆ సరస్సులు గడ్డకట్టకముందే, రెండు వేల కిలోమీటర్లకు దరిదాపు దాటి కృష్ణమ్మ మొగకు చేరుకుంటుంది. ఇంతకంటే పెద్ద కథ మన తీరంలో ఇంకేముంది?

వాటి నడుమ అప్పుడప్పుడూ ఒక్కో భారీ గల్ నిలబడి ఉంటుంది. అది పల్లాస్ గల్. కాస్పియన్ తీరం నుంచి మంగోలియా దాకా పరుచుకున్న సరస్సుల పక్షి. పక్కనే మందపాటి ఎర్రముక్కుతో కాస్పియన్ టర్న్ ఉంటే ఇంకా మంచిది. ప్రపంచంలోని టర్న్‌లన్నిటిలో పెద్దది అదే. పసుపు ముక్కు, వెనక్కి రేగిన నల్లజుట్టు ఉన్నవైతే క్రెస్టెడ్ టర్న్‌లు. ఇవి మంచినీళ్ల జోలికి పెద్దగా రావు, ఉప్పునీళ్ల మీదే బతుకుతాయి. ఉప్పునీళ్లు తాగి ఎలా బతుకుతాయని పిల్లలు అడిగితే చెప్పడానికి జవాబుంది. గల్‌లకూ టర్న్‌లకూ కళ్ల పైన ఉప్పు గ్రంథులు ఉంటాయి. రక్తంలో ఎక్కువైన ఉప్పును అవి వడగట్టి ముక్కు దారిన బయటికి పంపేస్తాయి. ముక్కు కొస నుంచి నీటి బొట్టు జారుతూ, పక్షి తల విదిలిస్తూ కనిపిస్తే జరుగుతున్నది అదే.

బురద మీదికి చూపు దించితే ఇంకో లోకం. ఉల్లంకులు, తీరపు పిట్టలు. అల వెనక్కి పోగానే దాని వెంట పరుగెత్తి, అల ముందుకు రాగానే దాని ముందు పరుగెత్తే చిన్న తెల్లపిట్ట శాండర్‌లింగ్. ఉత్తర ధ్రువానికి ఆనుకున్న నేలల మీద గుడ్లు పెట్టి, చలికాలానికి మన ఇసుక మీదికి వస్తుంది. ఈ జాతుల ఓపిక ఎంతంటే, మన తీరాలకూ వచ్చే బార్-టెయిల్డ్ గాడ్‌విట్ జాతిలో అయిదు నెలల వయసున్న పిల్లపక్షి ఒకటి 2022 అక్టోబరులో అలాస్కా నుంచి టాస్మానియాకు 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా ఎగిరింది. దాని ఒంటికి కట్టిన పరికరం ఆ సంగతి చెప్పింది. ఇంత దూరం ఎగిరే పక్షులకు దిగిన చోట తిండి, నిద్ర రెండూ దొరకాలి. దొరకకపోతే తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు పట్టదు.

అన్నిటికోసం సముద్రం దాకా పోనక్కర్లేదు కూడా. ఉయ్యూరు చుట్టుపక్కల దమ్ము చేసిన పొలాల మీద, పుల్లేరు కాలువ పైన, బూడిదరంగు రెక్కలతో తేలుతూ తిరిగే చిన్న పక్షి మీసాల టర్న్. ట్రాక్టరు వెనక నడిచే తెల్లకొంగల్ని గుర్తుపట్టే రైతు దీన్ని కూడా రోజూ చూస్తాడు. ఇది తినేది పురుగుల్ని, చిన్న కప్పల్ని, చేపపిల్లల్ని.

> గల్ ఏది, టర్న్ ఏది?
>
> గల్: ఒళ్లు బరువు, రెక్కలు వెడల్పు, తోక గుండ్రంగా లేదా సూటిగా ఉంటుంది. నీళ్ల మీద తేలుతూ కూర్చుంటుంది. వలలోంచి జారిన చేప, చచ్చిన పీత, జనం పారేసిన తిండి, ఏదైనా తింటుంది.
>
> టర్న్: సన్నటి ఒళ్లు, పొడవాటి మొనదేలిన రెక్కలు, ఎక్కువ జాతులకు చీలిన తోక. నీళ్ల మీద కూర్చోవడం అరుదు. గాల్లోంచి దూకి చేప పడుతుంది.
>
> స్కిమ్మర్: కింది ముక్కు పైముక్కు కంటే పొడవు. నోరు తెరిచి, కింది ముక్కుతో నీళ్లు చీలుస్తూ ఎగురుతుంది. మన దేశపు స్కిమ్మర్ జాతిలో ప్రపంచం మొత్తం మీద ఎదిగిన పక్షులు మూడు వేల లోపే మిగిలాయని అంచనా. మన రాష్ట్రంలో చూడాలంటే కాకినాడ తీరం, కోరింగ మడ అడవుల వైపు వెళ్లాలి.

పొద్దున కాదు, పొద్దువాలేటప్పుడు

బీచ్‌కి వెళ్లేవాళ్లంతా సూర్యోదయం చూడాలని తెల్లవారుజామునే పరుగెడతారు. పక్షులకోసమైతే అది తప్పు వేళ. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దున ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది, ఎదుట ఎగిరేవన్నీ నల్లటి ఆకారాలైపోతాయి. రంగు తెలియదు, ముక్కు తెలియదు. మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు మన వీపు వెనక్కి వస్తాడు. అప్పుడు గల్ కంటి వెనక మచ్చ కూడా మామూలు బైనాక్యులర్‌లో స్పష్టంగా దొరుకుతుంది.

వెలుతురు తర్వాత చూసుకోవాల్సింది పోటు, పాటు. పాటు వేళ నీళ్లు వెనక్కిపోయి బురద మేటలు బయటపడతాయి. పక్షులన్నీ మేత మీద పడి మైళ్ల మేర చెదిరిపోతాయి. పోటు ఎక్కుతుంటే మేటలు మునుగుతాయి, పక్షులు అడుగు వెనక అడుగు వేస్తూ మిగిలిన కాస్త ఇసుక మీదికి చేరతాయి. లెక్కపెట్టాలంటే అదే అదను. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దది, గుంపులూ దట్టం. దగ్గరికి పోకుండా ఒకచోట కూర్చోవాలి. ముదురు రంగు బట్టలు, ఒక నోటు పుస్తకం, మంచినీళ్ల సీసా ఉంటే చాలు. కాళ్లకు పనిలేదు, ఓపికకే పని.

ఈ విద్య అక్కడివాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు. సముద్రం మీదికి వేటకు వెళ్లే మత్స్యకారులు పక్షుల్ని చూసే వల వేస్తారు. టర్న్‌లు ఒకే చోట ఎడతెగకుండా దూకుతుంటే కింద కవళ్లో, నెత్తళ్లో గుంపుగా పైకి వచ్చాయని అర్థం. ఎక్కడ దూకుతున్నాయి, ఎంత ఎత్తు నుంచి దూకుతున్నాయి, దూకి చేపతో లేస్తున్నాయా ఉత్తినే లేస్తున్నాయా అన్నది చూసి పడవ తిప్పుతారు. చేపల్ని వెతికే యంత్రాలు వచ్చినా ఆ చూపు పోలేదు. పక్షుల లెక్క రాయాలనుకునే వాళ్లు ముందు కూర్చోవాల్సింది ఆ పెద్దల దగ్గర. ఏ నెలలో ఏ పక్షి వస్తుందో, ఏ దిబ్బ మీద ఒకప్పుడు గుడ్లు ఉండేవో, ఏ దిబ్బ ఏ తుపానుకు పోయిందో వాళ్ల నోటే ఉంది. అది ఇంతవరకూ ఎవరూ పద్ధతిగా రాసుకోలేదన్నది నాకు బాధ.

తుపాను వెంట వచ్చేవి

దివిసీమలో తుపాను గురించి తేలిగ్గా మాట్లాడలేం. 1977 నవంబరు 19 ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. సొర్లగొంది లాంటి ఊళ్లలో ఇంటికొకరు కాదు, ఇళ్లకిళ్లే పోయాయి. మడచెట్లు దట్టంగా ఉన్నచోట అల ఊపు కొంత విరిగిందని బతికినవాళ్లు ఇవాళ్టికీ చెబుతారు. పక్షుల కోసం మడ అడవిని కాపాడాలంటే కొందరికి అది తీరిక ఉన్నవాళ్ల మాటలా వినిపిస్తుంది. దివిలో ఆ అడవి మనుషుల ప్రాణాలకు అడ్డుగోడ కూడా.

నడిసముద్రంలో బతికే పక్షులు కొన్ని ఉన్నాయి. సూటీ టర్న్, నాడీ, ఫ్రిగేట్ పక్షి, షియర్‌వాటర్ అనేవి. గుడ్లు పెట్టడానికి తప్ప నేల ముఖం పెద్దగా చూడవు. పడమటి తీరంలో, శ్రీలంకలో ఒడ్డున కూర్చుని ఇలాంటివాటిని చూసేవాళ్లు చాలాకాలంగా ఉన్నారు. శ్రీలంక పడమటి ఒడ్డు పక్కగా ఏటా బ్రైడిల్డ్ టర్న్‌లు బారులుగా సాగిపోతాయి. మన వైపు ఇవి మామూలు రోజుల్లో ఒడ్డుకు రావు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు తుపాన్లలో గాలికి ఎదురీదలేక కొట్టుకొచ్చి, ఒక్కోసారి తీరం నుంచి ఎంతో లోపల, ఊరి మధ్యలో పడతాయి. 2020 మే నెలలో అంఫాన్ తుపాను తర్వాత పశ్చిమ బెంగాల్లో ఇలా సూటీ టర్న్‌లు కనిపించాయి. తుపాను వెలిసిన మర్నాడు దివి ఊళ్లలో ఎవరి పెరట్లోనైనా, ఎవరి చెరువు గట్టు మీదైనా అలాంటి అతిథి ఉండొచ్చు. ఫొటో తీసి, తేదీ, ఊరు రాసుకుంటే ఆ ఒక్క కాగితం శాస్త్రవేత్తలకు విలువైన ఆధారం.

> అలసిన పక్షి దొరికితే
>
> గాలి ఆడే అట్టపెట్టెలో పాత గుడ్డ వేసి, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచండి. నోరు తెరిచి నీళ్లు పోయవద్దు, అన్నం మెతుకులు పెట్టవద్దు. కుక్కల్ని, పిల్లల్ని దూరంగా ఉంచండి. అటవీశాఖ సిబ్బందికి వెంటనే చెప్పండి.
>
> చనిపోయిన పక్షిని ఉత్తి చేతులతో ముట్టుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో కోళ్ల ఫారాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చిన సంగతి గుర్తుంచుకోండి. ఒకేచోట చాలా పక్షులు చచ్చి కనిపిస్తే పశువైద్యాధికారికి కబురు చేయండి. భయంతో బతికున్నవాటిని తరిమేయడం, చంపడం వల్ల జబ్బు ఆగదు.

ఒండ్రు ఆగింది, కొస కరుగుతోంది

అసలు దిగులు ఇక్కడుంది. ఉయ్యూరులో కూర్చుని చదువుతున్న మనందరికీ దీనితో లంకె ఉంది.

నది ఒండ్రు తెస్తే కొస పెరుగుతుంది. తేకపోతే సముద్రం కోసుకుపోతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు ఈ లెక్క తేల్చారు. 1951–59 మధ్య కృష్ణా డెల్టాకు ఏటా వచ్చిన నీరు 61.88 ఘనపు కిలోమీటర్లు. మనకు అలవాటైన కొలతలో దాదాపు 2,185 టీఎంసీలు. 2000–08 నాటికి అది 11.82 ఘనపు కిలోమీటర్లకు, అంటే సుమారు 417 టీఎంసీలకు పడిపోయింది. నీటిలో తేలివచ్చే ఒండ్రు 1966–69లో 90 లక్షల టన్నులు ఉంటే, 2000–05 నాటికి 4 లక్షల టన్నులు. నాగార్జునసాగర్, శ్రీశైలం, ఆలమట్టి, ఇంకా పైనున్న జలాశయాలన్నీ నీళ్లతోపాటు మట్టినీ పట్టేసుకున్నాయి. ఫలితంగా కృష్ణా, గోదావరి డెల్టాల తీరం 1965–2008 మధ్య, మేటవేసింది పోగా, నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల పోగొట్టుకుంది.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. అంత నీరు చూసి నది బాగానే ఉందనిపిస్తుంది. ఆ రోజుల్లో జరిగిన చేటును విజయవాడ ఇంకా మరిచిపోలేదు. కానీ ఒక్క ఏడాది వరద అర్ధ శతాబ్దపు మట్టి బాకీని తీర్చలేదు.

ఆ నీళ్లతోనే మన చెరకు పెరిగింది. ఆ నీళ్లతోనే ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ పొగగొట్టం పొగ వదిలింది, మన ఇళ్లలో అన్నం ఉడికింది. ఆనకట్టలు కట్టకుండా ఉండాల్సిందని నేననను. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాకే ఈ సీమ అన్నం పెట్టే సీమయింది. నేననేది ఒక్కటే. పై మడి తడిసిన ప్రతిసారీ కింద కొసకు ఎంత తగ్గిందో రాసే పద్దు కూడా ఉండాలి. ఆ పద్దు రాయడానికి మొగ దగ్గరున్న కొలబద్దల్లో పక్షి ఒకటి. బురద మేట తరిగితే అందులోని పురుగు, నత్త, పీత తరుగుతాయి. వాటిని తినే ఉల్లంకి మరుసటేడు తక్కువ వస్తుంది. ఉపగ్రహం కొస ఎంత తరిగిందో చూపిస్తుంది. మిగిలిన కొసలో తిండి ఉందో లేదో చెప్పేది మాత్రం పక్షే.

దేశమంతటా పక్షులు చూసే 30 వేల మంది రాసిన వివరాలతో 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతుల్ని పరిశీలించింది. బాగా తగ్గుతున్న వర్గాల్లో వలస తీరపక్షుల్ని చేర్చింది. ఆ జాబితాలో ఉన్నవాళ్లే చలికాలంలో హంసలదీవి బురద మీద మేస్తున్నారు.

వెనక్కి తగ్గే చోటేది?

సముద్రం ముందుకొస్తే మడ అడవి, బురద మేట సహజంగా లోపలికి జరుగుతాయి. జరగడానికి వెనక ఖాళీ ఉండాలి. దివిలో, బందరు మండలంలో వెనకంతా రొయ్యల చెరువులు, వాటి గట్లు. ముందు నుంచి అల, వెనక నుంచి గట్టు. నడుమ నలుగుతున్నది తీరం.

చెరువుల దగ్గర రైతు గోడు కూడా వినాలి. తెల్లమచ్చ వ్యాధి వస్తే రాత్రికి రాత్రి పంట పోతుంది. చచ్చిన రొయ్యను కాకి ఒక చెరువులోంచి ఎత్తుకెళ్లి ఇంకో చెరువులో జారవిడిస్తే జబ్బు పాకుతుంది. అప్పు తెచ్చి పిల్ల వదిలిన మనిషి గల్ అని, కాకి అని తేడా చూడలేడు. పైన నైలాన్ దారాలు అడ్డంగా కడతాడు, కాపలాకు మనిషిని పెట్టి టపాకాయలు కాల్పిస్తాడు. చెరువుకు పక్షులు రాకుండా అడ్డు పెట్టమని ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. చిక్కల్లా కంటికి కనిపించని సన్నదారంతో. ఎగిరివచ్చే టర్న్ రెక్క అందులో చిక్కి తెగుతుంది. దారాలకు రంగు రిబ్బన్లు కడితే పక్షి దూరం నుంచే చూసి తప్పుకుంటుంది. పట్టుబడి అయిపోయాక దారం విప్పేస్తే ఖాళీ చెరువు అడుగున మిగిలిన పురుగూ పుట్రా వాటికి మేత అవుతుంది. రైతుకు దీనివల్ల పోయేది ఏమీ లేదు. చెప్పేవాళ్లు లేరు.

నది ఇసుక మీద మార్చి నుంచి మే దాకా గుడ్లు పెట్టే నదీ టర్న్ పరిస్థితి ఇంకా కష్టం. ఆ నెలల్లోనే ఇసుక లారీలు ఏటిలోకి దిగుతాయి. గూడంటే ఇసుకలో చిన్న గుంట, గుడ్లు ఇసుక రంగే. చక్రం కింద పడినా డ్రైవరుకు తెలియదు.

సెలవు రోజు జనం సంగతీ చెప్పాలి. కార్తీకంలో, సంక్రాంతికి, ప్రతి ఆదివారం పాలకాయతిప్ప కిటకిటలాడుతోంది. మంచిదే. సముద్రం అందరిదీ. మొగ దాకా ఇసుక మీద బళ్లు తోలడం, విశ్రాంతి తీసుకుంటున్న గుంపులోకి పిల్లల్ని పరుగెత్తించి ఫొటో తీయడం మాత్రం మానాలి. పోటు వేళ ఆ ఇసుక మీద నిలబడ్డ పక్షి మేత అరిగించుకుంటూ, తిరుగు ప్రయాణానికి బలం కూడబెట్టుకుంటోంది. లేపిన ప్రతిసారీ ఆ బలంలో కొంత ఖర్చవుతుంది. రోజంతా లేపుతూ ఉంటే మార్చిలో అది హిమాలయం దాటలేదు. జనవరి నుంచి ఇదే ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. వాటికోసం అటవీశాఖ కంచె కట్టి గుడ్లు కాపాడుతోంది. అలాగే మొగ దగ్గర పక్షులు నిలిచే ముక్కను నవంబరు నుంచి మార్చి దాకా తాళ్లు కట్టి వేరుచేస్తే సరిపోతుంది. పెద్ద ఖర్చు కాదు.

లెక్క ఎవరు రాస్తారు?

గుల్లలమోద మాటకు వద్దాం. దేశ రక్షణకు కావాల్సిన కేంద్రం అది. పక్షులుంటే క్షిపణి ఉండకూడదన్న వాదన నాది కాదు. శ్రీహరికోట మన కళ్లెదుటే ఉంది. ఒక పక్క రాకెట్లు లేస్తుంటే, పక్కనే పులికాట్‌లో ఫ్లెమింగోలు మేస్తున్నాయి, నేలపట్టులో గూడబాతులు పిల్లల్ని చేస్తున్నాయి. ఒడిశాలో గహిర్‌మఠ తీరానికి దగ్గర్లోని దీవిలో క్షిపణి పరీక్షలు జరుగుతాయి. తాబేళ్లు గుడ్లు పెట్టే 2024 జనవరి–మార్చి నెలల్లో అక్కడ పరీక్షలకు విరామం ఇవ్వాలని నిర్ణయించారు. ఏ నెలలో ఏ ఒడ్డున ఎన్ని తాబేళ్లు వస్తాయో దశాబ్దాలుగా రాసిపెట్టిన లెక్క ఉంది కనుకే ఆ నిర్ణయానికి ఆధారం దొరికింది. గుల్లలమోద దగ్గర ఏ నెలలో, ఏ దిబ్బ మీద, ఎన్ని పక్షులు నిలుస్తాయో అంత పక్కాగా చెప్పే లెక్క కావాలి. పని మొదలుకాక ముందు, పని జరుగుతున్నప్పుడు, పూర్తయ్యాక. మూడు దశల్లోనూ, ఒకే చోట నిలబడి, ఒకే పద్ధతిలో తీసిన లెక్క.

దానికి విదేశాల నుంచి ఎవరూ రానక్కర్లేదు. 1987 నుంచీ ఆసియా అంతటా ప్రతి జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతోంది. జనవరి రెండు, మూడు వారాల్లో జనం దగ్గర్లోని చెరువుకో, మొగకో వెళ్లి లెక్కపెట్టి పంపుతారు. జీతం లేదు, డిగ్రీ అడగరు. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక హైస్కూళ్ల పిల్లల్ని, బందరు, ఉయ్యూరు కాలేజీల జంతుశాస్త్రం విద్యార్థుల్ని, వేటకు వెళ్లే ఇద్దరు ముగ్గురు పెద్దల్ని కలిపితే హంసలదీవికి శాశ్వతంగా ఒక జట్టు తయారవుతుంది. అటవీశాఖ ఒక మంచె, ఒక టెలిస్కోపు, నాలుగు బైనాక్యులర్లు ఇస్తే చాలు. జనవరి ఒక్కటే కాకుండా అక్టోబరు నుంచి మార్చి దాకా ప్రతి పౌర్ణమి పోటుకు ఒకసారి లెక్క తీస్తే, అయిదేళ్లలో ఆ కొస గురించి గట్టిగా మాట్లాడే ఆధారం చేతిలో ఉంటుంది.

పౌర్ణమికి పెద్ద పోటు ఏ గంటకు ఎక్కుతుందో పాలకాయతిప్పలో ఏ వేటగాడిని అడిగినా చెబుతాడు. మొదటిసారి వెళ్లేవాళ్లు ఉయ్యూరులో పొద్దున్నే చద్దన్నం తిని బయల్దేరి, ముందు ఆ పెద్దల్లో ఒకరిని పలకరించి, వాళ్లు చెప్పిన చోట కూర్చోండి. మూడు దాటాక సూర్యుడు వెనక్కి వస్తాడు. గోధుమతల గల్‌లతో మొదలుపెట్టండి. కంటి వెనక నల్లమచ్చ చూసి, పదేసి చొప్పున లెక్కవేసి, వేళా తేదీ పక్కన రాసుకోండి.